తొట్టి దగ్గర చప్పుడు

ఐరాల దాటి కొండవైపు పోతే, మట్టిరోడ్డు చివర చిన్న ఆరోగ్య సబ్ సెంటర్ ఉంది. రెండు గదులు, వెనక ఒక సిమెంటు తొట్టి. చీకటి పడ్డాక ఆ తొట్టి వైపు మగవాళ్ళు కూడా పోరు. చనిపోయిన బాలింత ఎవరో అక్కడ కూర్చుని గుడ్డలు పిండుతుందట...

నేను నవ్వేదాన్ని. అక్కడి నర్సు కృపారాణి ఈ సంగతి చెప్పాక నవ్వడం మానేశాను.

పోయిన కార్తీకంలో, జోరువానలో, స్రవంతిని తీసుకొచ్చారు. తొలికాన్పు. వెంట అత్త అలివేలమ్మ ఒక్కతే. పెద్దాసుపత్రికి పంపుదామంటే వాగు పొంగింది. రాత్రి పదకొండింటికి ఆడబిడ్డ పుట్టింది — ఏడవలేదు.

మాయ పడింది. కృపారాణి ఇంజెక్షను వేసి, పొట్ట నొక్కి చూసింది. గట్టిగానే ఉంది, రక్తం ఆగినట్టే అనుకుంది. ఇక బిడ్డ మీదే ప్రాణం పెట్టింది. వీపు రుద్దింది, నోరు తుడిచింది, గాలి పట్టించింది. తల తిప్పినప్పుడల్లా తల్లి కింద గుడ్డ తెల్లగానే కనిపించింది. మొదట వేసిన గుడ్డే అనుకుంది పిచ్చిది. అత్త ముందు వరండాలో పడుకుందనుకుంది.

అప్పుడు వెనక... గుడ్డ పిండిన చప్పుడు. నీళ్ళు కారిన చప్పుడు.

"నర్సమ్మా... బయట ఎవురో పిండతా ఉండారు," మగతలో స్రవంతి గొంతు పీలగా వచ్చింది.

"ఏం లేదు తల్లీ. కండ్లు మూసుకో."

మళ్ళీ అదే చప్పుడు. కృపారాణి లేచి వెనక తలుపు గడియ పెట్టింది. కాసేపటికి తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. తీయలేదు. ప్రభువును తలుచుకుంటూ బిడ్డకు గాలి పడుతూనే ఉంది.

బిడ్డ కేర్‌మంది!

"సూడు, నీ కూతురు..." అంటూ తిరిగింది. స్రవంతి పెదాలు సున్నంలా ఉన్నాయి. గుడ్డ తడిసి, పరుపు తడిసి, మంచం కింద మడుగు కట్టింది. పొట్ట మెత్తబడిపోయింది. నొక్కింది, ఇంకో ఇంజెక్షను వేసింది, సాయం కోసం కేకేస్తూ తలుపు తీసింది.

ఎదురుగా... అలివేలమ్మ. వానలో ముద్దగా తడిసి, భుజం నిండా పిండిన గుడ్డలతో.

"తలుపేస్తివేం నర్సమ్మా? పురిటి గుడ్డ పరాయి కంట పడకూడదు గదా... తడిసింది తడిసినట్టే మార్చి, ఉతికేస్తా ఉండా."

"ఎన్ని మార్చినావు?"

"పదో, పన్నెండో... నా సీర గూడా సింపినా."

తెల్లవారకముందే స్రవంతి పోయింది. వాగు ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఆ దయ్యానికి పేరు కూడా పెట్టారు — స్రవంతి అంటారు. దుర్మార్గులు. చప్పుడు ఇంకా వస్తుందట. కృపారాణి ఇప్పుడు గడియ పెట్టదు. టార్చి పట్టుకుని పరిగెత్తుతుంది. తొట్టి దగ్గర ఎవరూ ఉండరు.

"ఎవురన్నా ఉంటే బాగుండునక్కా," అని ఏడ్చింది నా దగ్గర. "ఎన్ని గుడ్డలో అడిగేదాన్ని."