చెట్లు కొట్టాక కనబడిన సముద్రం

కెల్విన్ చేతిలో మొదట ఉన్నది నాలుగు లక్షల ఎనభై వేలు. అందులో రెండు లక్షలు తండ్రి ప్రేమయ్య పోయాక ఇంటికొచ్చినవి. మిగతాది టూరిస్టులకి స్కూటర్లు అద్దెకిచ్చి మూడేళ్ళలో తను కూడబెట్టినది. తల్లి ఎలీసబెతు చెక్కు మీద సంతకం పెడుతూ ఒకే మాట అంది.

"ఇది పోతే మనకి ఇంకోటి లేదు నాయనా."

"పోదమ్మా. లెక్క వేశాను."

లెక్కంటే అతనికి వెన్నతో పెట్టిన విద్య. పోర్ట్ బ్లెయిర్‌లో ఫీనిక్స్ బే జెట్టీకి ఎగువన, మెరక మీద, హోటల్ పెట్టడానికి మూడంతస్తుల భవనం డాబా అద్దెకు తీసుకున్నాడు. కింది నుంచి యాభై నాలుగు మెట్లు. పైన పన్నెండు టేబుళ్ళు, నలభై ఎనిమిది కుర్చీలు. జెట్టీలో ఓడల దీపాలు, అవతల రాస్ ద్వీపం, నార్త్ బే లైట్‌హౌస్... జనం డబ్బిచ్చేది చేపల వేపుడికి కాదు, ఈ చూపుకి.

కానీ చూపుకి అడ్డంగా మూడు కొబ్బరిచెట్లు ఉన్నాయి. భవనం ముందున్న చిన్న రేకుల ఇంటి పెరట్లోవి. పిట్టగోడకి రెండడుగుల దూరంలోనే వాటి మట్టలు ఊగేవి. పన్నెండు టేబుళ్ళలో సముద్రం కనబడేది నాలుగింటికే.

ఆ ఇల్లు గవరమ్మది. సునామీ నాడు హట్ బేలో ఆమె మొగుడు అసిరయ్య, ఇద్దరు కొడుకులు నీళ్ళలో పోయారు. శవాలు దొరకలేదు. ఆమె మాత్రం కొబ్బరిచెట్టు ఎక్కి, మొవ్వు పట్టుకుని రాత్రంతా వేలాడి బతికింది. ఆ చెట్టు కాయలే మూడు పోర్ట్ బ్లెయిర్ తెచ్చి మొలకెత్తించి, ముగ్గురి పేరున పాతుకుంది. ఎండుకాయ ఎప్పుడు దబ్బున రాలినా లోపల్నుంచి "ఒచ్చీరా?" అని పలికేది. కాయ ఏ చెట్టు కింద పడితే ఆ మనిషి పేరు పిలిచి, అన్నం ముద్ద పెట్టేది.

కెల్విన్ మంచిగానే అడిగాడు. చెట్టుకి ఇరవై వేలు ఇస్తానన్నాడు.

"ఏటి బాబూ," అని నవ్విందామె. "కొడుకుల్ని ఎంతకిస్తావని అడుగుతావేటి?"

కాయలు దించే యర్రయ్యని పట్టుకుంటే అతనూ తల అడ్డంగా ఊపాడు. "కాయ దించమను భయ్యా, దించుతా. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టను. అందులోనూ గవరమ్మత్త చెట్లా? నా వల్ల కాదు."

ఆ నెలలోనే గవరమ్మ జ్వరంతో రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక కెల్విన్ చర్చి చొక్కాతోనే ఆ పెరట్లోకి దిగాడు. డ్రిల్లు మిషన్‌తో ఒక్కో చెట్టు మొదట్లో ఒక్కో కన్నం పెట్టాడు. చెట్టు ఎండిపోయే మందు పోశాడు. కన్నాన్ని కొవ్వొత్తి మైనంతో మూసి, పైన మట్టి పూశాడు. నలభై రోజులు పడుతుందని లెక్క వేసుకున్నాడు. ముప్పై ఎనిమిదో రోజుకి మూడు మొవ్వులూ వాలిపోయాయి.

గవరమ్మ అతని దగ్గరికే వచ్చింది. యాభై నాలుగు మెట్లూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది.

"సదువుకున్నోడివి. ఏ తెగులో సూడు బాబూ."

కెల్విన్ దిగి, చెట్ల చుట్టూ తిరిగి, గంభీరంగా చూశాడు. "కొమ్ము పురుగు, అమ్మమ్మా. ఇంటి మీద పడతాయి, కొట్టించేయాలి. ఖర్చు నాదేలే."

చచ్చిన చెట్లు కాబట్టి ఈసారి యర్రయ్య కాదనలేదు. మూడోది పడ్డాక మొద్దు దగ్గర వంగి, మట్టి గీకి, వేలితో మైనం ముక్క తీశాడు. కెల్విన్ మొహంలోకి ఒకసారి చూశాడు. కూలి తీసుకోకుండా కత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అతను వదిలేసిన ఆ మైనం ముక్కని గవరమ్మ అరచేతిలోకి తీసుకుని మొద్దు పక్కన కూర్చుంది.

"సముద్రం మీద నుంచి ఆళ్ళు ఇల్లు ఆనవాలు పట్టేది ఆ సెట్లని సూసే బాబూ," అంది మెల్లగా. "ఇప్పుడు ఏటి సూసి ఒస్తారు?"

అప్పుడు తల ఎత్తింది. డాబా మీద పనివాళ్ళు పొడుగాటి ఇనప గొట్టం నిలబెట్టి, దాని చివర క్రిస్మస్ స్టార్ కడుతున్నారు. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తుగా ఉండాలని కెల్విన్ కోరి చేయించిన ఎర్ర స్టార్ అది.

"ఆఁ... అదుందిలే," అంది గవరమ్మ. "కానీ ఆళ్ళు ఒంటిగా రారు బాబూ. ఆళ్ళని ఎత్తుకుపోయినది కూడా ఎనకాలే ఒస్తాది."

చెట్లు పడిన తొమ్మిదో రోజున గవరమ్మ నడిమి మొద్దుకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

పదమూడో రోజున కెల్విన్ డాబా తెరిచాడు.

డిసెంబరులో అక్కడ ఐదున్నరకల్లా చీకటి. నాలుగింటికే పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆరయ్యేసరికి పదకొండు టేబుళ్ళు నిండిపోయాయి. పిట్టగోడ పక్కనున్న ఒకటో టేబుల్ మాత్రం ఒక టూర్ ఏజెంటు కోసం ఖాళీగా ఉంచాడు. గాలి చల్లగా ఉంది. వేగుతున్న రొయ్యల వాసన, ఎవరిదో నవ్వు, జెట్టీలో ఓడ కూత. అడ్డం ఏమీ లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా సముద్రమే. కెల్విన్ తలకాయలు లెక్కపెట్టుకున్నాడు. నలభై నాలుగు. ఛాతీ పొంగింది.

చెల్లెలు ఫేబే ఖాళీ ట్రేతో వచ్చింది. "అన్నయ్యా, ఒకటో టేబుల్ వాళ్ళు మూడు ప్లేట్లు చేపల పులుసన్నారు. ఇచ్చేశాను."

"ఎవరు? ఏజెంటు వచ్చాడా?"

"ఏమో, ముగ్గురు. లుంగీలతో వచ్చారు. నీ స్టార్ హోటల్‌కి స్టార్ కస్టమర్లు!" అని నవ్వి, గొంతు తగ్గించింది. "కానీ నిలువునా తడిసిపోయి ఉన్నారు అన్నయ్యా. వానే లేదు కదా?"

కెల్విన్ అటు చూశాడు. ఎవరూ లేరు.

దగ్గరికెళ్ళాడు. ప్లేట్లు మూడూ నాకినట్టున్నాయి. ముళ్ళు కూడా మిగల్లేదు. కుర్చీల్లో ఇసుక. ఒక్కో కుర్చీ కింద చిన్న మడుగు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

అప్పుడు వచ్చింది వాసన. ఆటుకి బయటపడిన బురద వాసన, కుళ్ళిన కొబ్బరినీళ్ళ వాసన. పక్క టేబుల్ ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

దబ్!

డాబా అదిరింది. అందరూ పైకి చూశారు. పైన ఎర్ర స్టార్, దాని మీద ఆకాశం... అంతే. నేల మీద ఏమీ పడలేదు.

దబ్!

రెండోది ఒకటో టేబుల్ మీద. ప్లేట్లు ముక్కలై లేచాయి. పిల్లలు కేకలు పెట్టారు. "క్యా గిరా భయ్యా?" ఏం పడిందని హిందీలో అడుగుతున్నారు ఎవరో. కుర్చీలు పడుతున్నాయి. జనం మెట్ల వైపు పరిగెత్తారు.

దబ్!

మూడోది. దాని వెంటే, కింద చీకటి పెరట్లోంచి, సన్నగా...

"ఒచ్చీరా?"

ఆ గొంతు కెల్విన్‌కి తెలుసు.

"ఫేబే, అందర్నీ దింపు. నువ్వూ వెళ్ళు."

"నువ్వూ రా!"

"స్టార్ ఆర్పేసి వస్తా. నడు!"

ఆనవాలు. ఆ మాటొక్కటే తలలో గిర్రున తిరుగుతోంది. స్విచ్ నొక్కాడు. స్టార్ ఆరిపోయింది. డాబా మీద దీపాలు కూడా దానితోపాటే ఆరిపోయాయి.

చీకటి.

ఫోన్ వెలుగులో మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కింద ఏదో కదులుతోంది. గల... గల... మెట్ల మీద నల్లటి నీళ్ళు. చెప్పులు, ప్లాస్టిక్ డబ్బా, పడవ చెక్క ముక్క తేలుతున్నాయి. ఒక మెట్టు మునిగింది. ఇంకోటి. అతని బుర్ర దానంతటదే లెక్క వేసింది. నాలుగు సెకన్లకి ఒక మెట్టు. ఇంకా పదహారు మెట్లు. అరవై నాలుగు సెకన్లు.

పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి కిందికి వంగి చూశాడు. రోడ్డు పొడిగా ఉంది. ఆటోలు నిలబడి ఉన్నాయి. జనం మధ్యలో ఫేబే చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉంది. అతని చేతిలో ఫోన్ మోగింది.

"అన్నయ్యా, రావేంటి?"

"ఫేబే... కింద నీళ్ళున్నాయా?"

"నీళ్ళేంటి? ఏమైంది నీకు?"

చల్లగా పాదాలకి తగిలింది. అరవై నాలుగు సెకన్లు సరిగ్గా అయ్యాయి. లెక్క తప్పలేదు. చీలమండలు... పిక్కలు... కుర్చీలు తేలి ఒకదానికొకటి తగులుతున్నాయి. మోకాళ్ళు. వెనక నీళ్ళలో ఎవరో నడుస్తున్న చప్పుడు. ఒకరు కాదు. ముగ్గురు.

అతను వెనక్కి తిరగలేదు.

ఎదురుగా ఏదో గలగలలాడింది. మట్టలు. జెట్టీ దీపాలు కనబడటం లేదు. వాటికి అడ్డంగా మూడు కొబ్బరి మానులు నిటారుగా నిలబడి ఉన్నాయి, నడిమిది మరీ దగ్గరగా. మాను పొడుగునా ఎక్కడానికి కొట్టిన గాట్లు, ఒకదాని మీద ఒకటి.

కొట్టించింది నేనే కదా... మూడూ నా ఎదురుగానే పడ్డాయి కదా...

"అన్నయ్యా!" ఫోన్‌లో ఫేబే అరుస్తోంది. "గోడ ఎందుకెక్కావ్? దిగు! అన్నయ్యా, దిగు!"

గోడ ఎక్కినట్టు అతనికి తెలియదు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. తడి చెయ్యి ఒకటి అతని కాలి మడమని మెల్లగా పట్టుకుంది, లాగలేదు. ఫోన్ జారిపోయింది. అది నీళ్ళలో పడిన చప్పుడు రాలేదు. చాలాసేపటికి, ఎక్కడో కింద, రాతి మీద పగిలిన చప్పుడు వినబడింది.

పైన మొవ్వులోంచి గవరమ్మ పిలిచింది. ప్రేమగానే పిలిచింది.

"ఎక్కు బాబూ. నానూ అలగే బతికినాను."

కెల్విన్ చెయ్యి చాచాడు. బెరడు తగిలింది. గరుకుగా ఉంది. వేళ్ళ కింద ఒక చిన్న కన్నం, మెత్తగా మైనం. ఆ మైనం ఇంకా వేడిగా ఉంది.

గాటు సరిగ్గా అతని పాదమంత ఉంది. కుడి కాలు ఎత్తాడు.