గెంతులరాజు మళ్ళీ వచ్చాడు

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మధ్య ఇన్ఫార్మర్ మాలిక్ చచ్చి పడున్నాడు. ఒంటిమీద గాయం లేదు. పెదాలు మాత్రం నల్లబడ్డాయి. చేతిలో ‘గెంతులరాజు’ వీడియో గేమ్ ఖాళీ అట్టపెట్టె.

ఏజెంట్ సాల్మన్ వంగి ఆ పెట్టె అందుకున్నాడు. చిన్నప్పుడు మాలిక్, తనూ బడి ఎగ్గొట్టి ఆడిన గేమ్ అది. కొండ మీంచి కొండ మీదికి గెంతుకుంటూ పోయే తలపాగా రాజు, ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ పాతకాలం క్యాసెట్‌గానే విడుదలవుతున్నాడు.

"లోపలి క్యాసెట్ ఏది?"

"నేనొచ్చేసరికే లేదు," అంది ఏజెంట్ జ్యోతిర్మయి. శవాన్ని ముందు చూసింది ఆమే. మిర్చి ఘాటుకి అందరూ దగ్గి చస్తుంటే, ఆవిడగారి కాటుక కూడా చెదరలేదు.

చీఫ్ రఘురామ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. "మాలిక్ ఆఖరి కోడ్ మెసేజ్ ‘రాజు ఆట ఆపండి’. విదేశీ ముఠా రేపు మంగళగిరి రిలీజ్ ఫంక్షన్‌లో దెబ్బ కొడుతుంది. టార్గెట్ ముఖ్య అతిథి, రాడార్ సైంటిస్ట్ రామకాంత్. సాల్మన్, నువ్వు ఫొటోగ్రాఫర్. జ్యోతిర్మయి, యాంకర్."

"ఫంక్షన్ ఆపేద్దాం సార్."

"ఆపితే ముఠా జారిపోతుంది."

"ఇంకో ప్రాణం పోతే?"

"పోనివ్వకు."

మర్నాడు ఫంక్షన్ హాల్లో సాల్మన్ కెమెరాలోని సెన్సార్, గేమ్ ఆడే కన్సోల్‌నీ, మైకునీ, పూలబొకేనీ వాసన చూసి గ్రీన్ లైట్ ఇచ్చింది. పేలుడు పదార్థాలు లేవు. అయినా అతను స్టేజీ దగ్గర్నుంచి కదల్లేదు.

రామకాంత్ క్యాసెట్ పెట్టారు. స్క్రీన్ వెలగలేదు.

"అయ్యో, మొరాయిస్తోందండీ!" జ్యోతిర్మయి మైకులో నవ్వింది. "మీ ఊరు వినుకొండలో చిన్నప్పుడు ఏం చేసేవారు సార్? తీసి, దుమ్ము పోయేలా ఊదండి!"

"ఊదండి! ఊదండి!" హాలంతా గోల.

ఆయన నవ్వుతూ క్యాసెట్‌ని నోటి దగ్గరికి తెచ్చుకున్నారు. జ్యోతిర్మయి పైట ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

సాల్మన్‌కి ఒక్కసారిగా మాలిక్ గుర్తొచ్చాడు. క్యాసెట్ చేతికొస్తే చాలు, ఊదేవాడు. అందులోనూ మిర్చి దుమ్ము పట్టిన క్యాసెట్... ఊదకుండా ఉంటాడా! లోపల విషపు పొడి ఉంటే, ఊదగానే అదంతా తిరిగి మొహానికే కొడుతుంది.

"ఊదొద్దు!" కెమెరా విసిరాడు.

క్యాసెట్ ఎగిరి స్టేజీ మీద పడింది. తెల్లటి పొడి ఒలికింది. సన్మానం శాలువా లాగి దాని మీద కప్పేసి, హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్టల్ కోసం వెతుకుతున్న జ్యోతిర్మయి మణికట్టు పట్టేసుకున్నాడు.

"క్యాసెట్ ఊదే మన అలవాటు ముఠాకి అమ్మింది నువ్వే కదా! మాలిక్ ఏం పాపం చేశాడే?"

"వాడు క్యాసెట్ దొంగిలిస్తాడనుకోలేదు," అందామె నేల చూపులు చూస్తూ. "నేను వెళ్ళేసరికే ఊదేశాడు. క్యాసెట్ మాత్రం నేనే తీసేశాను."

బయట వ్యాన్‌లో ముఠా దొరికిపోయింది. రామకాంత్ శాలువా కింది క్యాసెట్ వైపు చూశారు.

"కొత్త క్యాసెట్ కదయ్యా! అసలు ఊదాల్సిన పనేముంది?"

"ఏమీ లేదండీ," అన్నాడు సాల్మన్ కళ్ళు తుడుచుకుంటూ. "ముప్ఫై ఏళ్ళ కిందటా లేదు. మాలిక్‌గాడికి చెప్తే వినేవాడు కాదు."