తాడు బిగుస్తే ఆగాలి

పొద్దున్నే పాలకేనులు తిరిగే వేళకి శివపార్వతి వీధి మధ్యలో గుంజలా నిలబడి ఉంది. చేతిలో తాడు, తాడు చివర కుక్క బుజ్జి. పేరుకి బుజ్జిగాడే గానీ, ఏడాది నిండకముందే దూడంత అయ్యాడు. కోడి కనపడితే ఒక దూకు, సైకిలు కనపడితే ఇంకో దూకు. తాడు బిగిసిందంటే పార్వతి ఆగిపోతుంది. వాడు వెనక్కి తిరిగి చూసి తాడు వదులు చేస్తే, "శభాష్‌రా" అని మళ్ళీ నడుస్తుంది. ఫోనులో చూసి నేర్చుకున్న విద్య ఇది. కర్ర అక్కర్లేదు, తిట్లు అక్కర్లేదు, ఓపిక మాత్రం బోలెడు కావాలి.

"ఏమ్మా, ఇవాళన్నా కల్లం దాకా పోతారా, ఇక్కడే భోజనాలు తెప్పించమంటారా?" టీకొట్టు ఏసోబు అడిగాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

పార్వతి తాడు మీది నుంచి చూపు తిప్పలేదు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ పీకల మీద కత్తి లేదు. ఆమెకి ఉంది. మిర్చి లారీ యార్డుకి వెళ్ళే రోజు దగ్గరపడింది. ఆ రోజుకి బుజ్జి ఇంటి నుంచి కల్లం దాకా లాగకుండా నడిస్తే ఉంటాడు, లేకపోతే అదే లారీ ఎక్కి పోతాడు. మొగుడు కోటేష్ చెప్పిన తీర్పు అది.

వాణ్ణి పొన్నూరులో పుట్టింటి నుంచి తెచ్చింది పార్వతే. నిరుడు కల్లంలో ఆరబోసిన కాయల్ని దొంగలు ఎత్తుకుపోతే, కాపలాకి మంచి కుక్క కావాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. తెచ్చినప్పుడు అది ఇంటి కుక్క. అత్తగారు కిందపడ్డాక మాత్రం అది పార్వతి కుక్క అయిపోయింది.

నెల కిందట, ఆమె పడ్డ సాయంత్రం మబ్బు పట్టింది. కాయల మీద పట్టాలు కప్పాలని పార్వతి బుజ్జి తాడు అత్తగారి చేతికిచ్చి పరిగెత్తింది. పట్టా లాగుతుంటే ఎక్కడో కేక వినపడింది, పందుల్ని తోలుతున్నారేమో అనుకుంది. తిరిగి చూసేసరికి బుజ్జి చేలకి అడ్డంపడి పోతున్నాడు, అత్తగారు వెంకటేశ్వరమ్మ ఎర్రటి కాయల మధ్య బోర్లా పడి ఉంది. కుడి మణికట్టు విరిగింది.

ఇవాళ్టి నడక ముగించి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పార్వతి ఇడ్లీ తుంచి అత్తగారికి తినిపించింది. సిమెంటు కట్టు పడ్డప్పటి నుంచీ తిండీ, జడా, చీరా అన్నీ కోడలే చూస్తోంది.

"పొద్దున బాగానే నడుస్తాడత్తయ్యా. సాయంత్రానికి మళ్ళీ మొదటికే వస్తాడు. నాకు నేర్పటం చేతకావట్లేదేమో."

"చేతకాకేం. నీ తప్పూ లేదు, దాని తప్పూ..." అని వెంకటేశ్వరమ్మ ఆగిపోయింది. "మంచినీళ్ళివ్వు."

అరుగు మీద చుట్ట ముట్టించుకుంటున్న మావగారు అంకమ్మరావు నవ్వాడు. "బలమున్నది లాగుద్ది. దాన్ని లాగొద్దంటావేందమ్మా! అది కుక్కా? గిత్త!"

ఆయన వాణ్ణి గిత్త అనే పిలుస్తాడు. ఒకప్పుడు ఒంగోలు చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు పెట్టినా ఆయన ఎడ్లు ఉండాల్సిందే. నిరుడు కోటేష్ ఆ జతని అమ్మేసి ట్రాక్టరు తెచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన కొట్టం వైపు వెళ్ళటం మానేశాడు. ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం కూడా మానేశాడు.

లారీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం, పార్వతి మావగారికి అన్నం పట్టుకుని రోజూ వెళ్ళే వేళకంటే ముందే చేలోకి వెళ్ళింది. మధ్యాహ్నాలు కాపలాకని బుజ్జిని అక్కడికి తీసుకెళ్ళేది ఆయనే. కల్లం అవతల మువ్వల చప్పుడు వినపడింది. తాటాకు పాక పక్కకి వెళ్ళి చూసింది.

బుజ్జి ఎదకి ఎడ్ల మెడకి కట్టే మువ్వల పట్టెడ, దాన్ని కోసి సరిపడేట్టు కట్టారు. పట్టెడకి మోకు, మోకు చివర ట్రాక్టరు పాత టైరు. అంకమ్మరావు పంచె ఎగ్గట్టి, తొడ చరిచి, "హొయ్! హొయ్! లాగరా నా గిత్తా!" అని కేక పెట్టాడు. బుజ్జి మట్టి రేపుతూ టైరుని ఈడ్చుకుపోయాడు. ఆయన వాడి మెడ కౌగిలించుకుని బెల్లం ముక్క పెట్టాడు. ఆ ముఖంలో అంత సంతోషం పార్వతి ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం జాలేసింది కూడా.

తర్వాత ఆ కేక గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం పందుల్ని తోలుతున్నారనుకున్న కేక ఇదే. క్యారేజీ పట్టుకునే ఆయన ముందుకి నడిచింది.

"మావయ్యా, అత్తయ్య పడ్డ రోజు అరిచింది మీరేగా?"

ఆయన ఉలిక్కిపడి పట్టెడ విప్పాడు. "గిత్తని చూసి సరదాకి ఒక్క కేక పెట్టా. అది అంత పని చేస్తదని ఎవడికి తెలుసు?" అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్లో అనమాకమ్మా."

"నేను నెల నుంచీ మాటలు పడుతున్నాను మావయ్యా!"

ఆయన క్యారేజీ తీసుకుని పాకలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కోటేష్, లారీ డ్రైవరు జాన్ బాషా కలిసి మిర్చి నింపిన టిక్కీలన్నీ ఎక్కించారు. బుజ్జి ఒక్కరోజు కూడా లాగకుండా కల్లం దాకా నడవలేదు. తర్వాత కోటేష్ వాడి తాడు విప్పాడు. పార్వతి అడ్డం నిలబడింది.

"ఆగండి. వాడికి లాగటం నేర్పింది నేను కాదు, మావయ్య. టైరు కట్టి రోజూ లాగిస్తున్నారు. అత్తయ్య పడ్డ రోజు కేక పెట్టింది కూడా ఆయనే. ఆయన్నే అడగండి."

కోటేష్ తండ్రి వైపు తిరిగాడు. వీధిలో నలుగురు ఆగారు. అంకమ్మరావు ఆ నలుగురినీ చూశాడు.

"నేనా? నేను చేను అవతలున్నా. నోరెత్తితే ఒట్టు!"

"మావయ్యా!"

"కుక్క కోసం మా నాన్న మీద అబద్ధాలు చెప్తావా? సిగ్గులేదూ?" కోటేష్ గొంతు వీధి చివరి దాకా పోయింది.

పార్వతి అత్తగారి దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తయ్యా, మీరు చెప్పండి. ఆ రోజు కేక మీకు వినపడలేదా?"

వెంకటేశ్వరమ్మ మొగుడి వంక చూసింది, కొడుకు వంక చూసింది. తర్వాత కట్టు వంక చూసుకుంది.

"నాకేం వినపడలేదమ్మా."

బుజ్జి లారీ ఎక్కటానికి కూడా ఉత్సాహంగానే లాగాడు, షికారు అనుకున్నాడు పాపం.

ఆ మధ్యాహ్నం పార్వతి ఎప్పటిలాగే కంచం పట్టుకుని అత్తగారి ముందు కూర్చుంది. తిట్టలేదు, సాధించలేదు. పప్పన్నంలో నెయ్యి వేసి, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. వెంకటేశ్వరమ్మ ముద్ద తీసుకుంది గానీ మింగలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"నన్ను ఒక్క మాటన్నా అనవే తల్లీ! ఇట్టా తినిపించమాకు!"

"తినండత్తయ్యా. మందు వేసుకోవాలి."

"వినపడింది. ఎందుకు వినపడదు? కాపరానికొచ్చిన కొత్తలోనే నేను ఏ మూలున్నా ఆయన కేక గుర్తుపట్టేదాన్ని. పడ్డప్పుడే తెలుసు నాకు." ఎడమచేత్తో ముఖం కప్పుకుంది. "ఆయన పరువు పోద్దనుకున్నా. నీ పరువు సంగతే తట్టలేదమ్మా నాకు. పరాయిపిల్లవని అట్టా అనుకున్నానేమో."

పార్వతి చేతిలో రెండో ముద్ద అలాగే ఉండిపోయింది. ఓదార్చాలనిపించలేదు. ఈ మాట పొద్దున చెప్పి ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అనిపించింది.

వసారాలో మంచం కిర్రుమంది. అంకమ్మరావు లేచి చొక్కా తగిలించుకున్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు. గోడకున్న పలుపుతాడు తీసుకుని బయటికి నడిచాడు.

రాత్రి కోటేష్ వచ్చి సంగతంతా విని గుమ్మంలోనే కూర్చున్నాడు. "గుంటూరు ఇవతల హైవే పక్కన పత్తిమిల్లు దగ్గర వదిలాం. తిండి దొరుకుద్దిలే అనుకున్నా. లారీ వెనక చాలా దూరం పరిగెత్తింది" అన్నాడు. ఆ చివరి మాట ఎందుకన్నానా అన్నట్టు తల దించుకున్నాడు. పార్వతి వినలేక లోపలికి వెళ్ళింది. ఆ రాత్రే కోటేష్ తండ్రికి ఫోను చేసి మిల్లు ఎక్కడో చెప్పాడు.

మర్నాటి నుంచి అంకమ్మరావు రోజూ తెల్లారి బస్సెక్కి బుజ్జిని వెతకటానికి వెళ్ళి, చీకటి పడ్డాక ఉత్త పలుపుతో వచ్చేవాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. పార్వతి పెట్టేది, కానీ మాట్లాడేది కాదు.

ఆ వారం చివర ఒక సాయంత్రం ఏసోబు కొట్టు దగ్గర నవ్వులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. పార్వతి గుమ్మంలోకొచ్చింది. మావగారు నడిచి వస్తున్నాడు. వెనక బుజ్జి. డొక్కలు తేలి, వెనక కాలు కుంటుతూ ఉన్నాడు. కోడి అడ్డం వచ్చింది, సైకిలు పోయింది. తలెత్తలేదు. పలుపు నేల మీద జీరాడుతూనే ఉంది. లాగకుండా ఇంటి దాకా నడిచాడు, కోటేష్ అడిగినట్టే. కోటేష్ గేటు దగ్గరే నిలబడి చూశాడు.

"మిల్లు దగ్గర కర్రలతో కొట్టారంటమ్మా. కాలవ తూములో పడుకుని ఉండాడు." అంకమ్మరావు వీధివైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "కేక పెట్టింది నేనే. నా పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టింది నేనే. ఈ పిల్ల మీద నింద మోపింది కూడా నేనే."

తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"దారిలో హొయ్ అన్నానమ్మా. రెండుసార్లు అన్నాను. చెవులన్నా ఎత్తలేదు."

పార్వతి పలుపు అందుకుంది. ఆమె ఆగితే బుజ్జి ఆగాడు, కదిలితే కదిలాడు. ఇంతకాలం ఆమె కోరుకున్నది సరిగ్గా ఇదే. వాడి మెడ పట్టుకుని, "లాగరా బుజ్జీ, ఒక్కసారి లాగరా" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. వెంకటేశ్వరమ్మ వచ్చి పక్కనే కూలబడి, బాగున్న చేత్తో కోడల్ని దగ్గరికి తీసుకుంది. పార్వతి ఆ చేతిని తోసెయ్యలేదు.

మర్నాడు పొద్దున బుజ్జిని తీసుకుని పార్వతి వీధిలోకి బయల్దేరింది. "నేనూ వస్తానుండు" అని అత్తగారు చెప్పులేసుకుంది. ఏసోబు కొట్టు ముందు పుంజు ఒకటి రెక్కలు కొట్టుకుంటూ అడ్డంగా పరిగెత్తింది. అత్తాకోడళ్ళిద్దరూ ఆగి, తాడు బిగుస్తుందేమోనని ఆశగా చూస్తూ నిలబడ్డారు.