రెండో డిస్కు

"నేను చూస్తుంటేనే ముట్టుకోండి. లేకపోతే వద్దు."

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. బయట వాన. నా చొక్కా భుజాలు తడిసిపోయాయి. తుడుచుకోమని కూడా అనలేదు.

ఆమె పని పాత ఫోటోలు బాగుచేయడం. చెదలు తిన్న మొహాలకు మళ్లీ కళ్లొస్తాయి ఆమె చేతిలో. ఆరేళ్ల పనంతా కిటికీ పక్కనున్న సర్వర్ పెట్టెలో ఉంది. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుందని. ఇప్పుడు రెండూ నిండిపోయాయి. పైగా ఎడమది గరగరమంటోంది. రెండూ తీసి పెద్దవి పెట్టాలి. అదీ నా పని.

"ముందు వచ్చినాయన మూడువందల ఫోటోలు పోగొట్టాడు," అంది. "అడిగితే అవి అసలు లేనేలేవన్నాడు."

తలూపాను.

"మీరు మాట్లాడరా?"

"పనిలో మాట్లాడను."

"అయితే మౌనంగారని పిలుస్తాను."

"పోనీలేవే, వాగేవాణ్ణి చూశాంగా," అంది లోపలి గదిలోంచి వాళ్ల మామ్మ.

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వితే కనుబొమ్మ ఒక్కటే లేస్తుంది. తువ్వాలు తెస్తానంటూ లోపలికి వెళ్లింది.

ఆ కనుబొమ్మే తలుచుకుంటూ పెట్టె వెనక నుంచి ఎడమవైపు డిస్కు లాగాను. పెద్దది పెట్టి కాపీ మొదలుపెట్టాక చేతిలోదాని నంబరు చూశాను. వెనక నుంచి చూస్తే ఎడమ కుడి అవుతుంది. నేను తీసింది మంచిది. ఆరేళ్ల పనీ గరగరమనే దాంట్లోంచి వస్తోంది.

వెంటనే ఆపేశాను. చెడ్డది తీసి, మంచిది పెట్టి, మళ్లీ మొదలుపెట్టాను.

ఆమె తువ్వాలుతో వచ్చింది.

"తప్పు చేశాను," అన్నాను. జరిగిందంతా చెప్పాను.

తువ్వాలు నాకివ్వకుండా కుర్చీ మీద వేసింది. కూర్చుని ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచింది. నేను నిలబడే ఉన్నాను. ఇక ఈ గుమ్మం తొక్కనివ్వదనుకున్నాను. అప్పటికే నాకు ఆ గుమ్మం కావాలనిపిస్తోంది.

"అన్నీ ఉన్నాయి," అంది చాలాసేపటికి. "నేను చూడలేదు కదా, ఎందుకు చెప్పారు?"

"మీ పని కదా."

తువ్వాలు తీసి చేతికిచ్చింది.

సాయంత్రానికి కాపీ అయింది. చోటు మాత్రం పెరగలేదు.

"ఒక్కటే పెద్దదైతే పెరగదు. రెండోదీ మారాలి," అన్నాను. "ఆదివారం వస్తాను."

ఆదివారం వచ్చేసరికి పెట్టెకు ముందూ వెనకా కాగితాలు అంటించి ఉన్నాయి. ఎడమ, కుడి అని గుండ్రటి అక్షరాలు. రెండోదీ మార్చాను. పొద్దువాలే వేళకు స్క్రీన్ మీద చోటు రెట్టింపైంది. స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టాను. మళ్లీ బయటికి తీశాను.

"ఇంకో తప్పు చెప్పాలి."

కనుబొమ్మ లేచింది.

"ఈ రెండోది ఆ మర్నాడే మార్చి ఉండొచ్చు. ఆదివారం దాకా ఆగక్కర్లేకపోయింది. ఆ రోజైతే నాకు వేరే పని ఉండదని ఆగాను."

"తెలుసు. డిస్కుతో వచ్చిన కాగితం మర్నాడే చదివాను."

"మరి ఫోన్ చేయలేదే?"

"మీరే చెప్తారా లేదా అని చూశాను, మౌనంగారూ."

"ఏమే," అంది మామ్మ లోపల్నుంచి, "ఆ అబ్బాయి రావాలంటే పెట్టె చెడాలా? ఊరికే రమ్మనకూడదూ?"

ఆమె నావైపు చూసింది. "వస్తారా?"

తలూపాను.

"అలా కాదు. నోటితో చెప్పాలి."

"మీకోసం వస్తాను," అన్నాను.

లోపల మామ్మ రేడియో గొంతు పెంచింది.