బాయిలరుకు లేని జబ్బు

మొదటిసారి ఆ బాయిలరు ఆగిపోవడంలో మాత్రం అమ్మాయి తప్పేం లేదు. బల్ల జరుపుతుంటే దాని కాలు తగిలి, కిటికీ కింద హీటరుకున్న చిన్న కుళాయి వదులైంది. చుక్కచుక్కగా నీళ్లు కారిపోయాయి. ఇంటి గొట్టాలన్నింట్లో వేడినీళ్లు తిప్పే ముసలి బాయిలరు, తిప్పడానికి నీళ్లు చాలక, ఎర్రలైటు వెలిగించుకుని కూర్చుంది.

బాయిలర్లు బాగుచేసే షాపు నుంచి మెకానిక్ వచ్చాడు. వంటింట్లో అడుగుపెడుతూనే బాయిలరు మీద ఆరేసిన సాక్సుల వంక చూశాడు.

"ఇది బాయిలరాండీ, దండెమా?"

"రెండూ. మీరొచ్చింది బాగుచేయడానికా, క్లాసు పీకడానికా?"

"క్లాసు ఫ్రీ అండి. అంటుకుంటే మాత్రం ఇల్లే పోతుంది."

అంటూనే ఆ సాక్సులు తీసి, ఏ జతకి ఆ జత కలిపి, మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత కుళాయి బిగించి, నీళ్లు నింపి, ప్రెషరు మీటరు ముల్లు పైకి లేచేదాకా నిలబడి వెళ్లిపోయాడు.

అదిగో, ఆ మడతపెట్టడమే కొంప ముంచింది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీస్తూ రోజంతా ఇంట్లోనే ఉండే ఆ అమ్మాయికి ఆ సాయంత్రం కుదురు పోయింది. ఏనుగు గీయబోతే దాని చేతికి స్పానర్ వచ్చింది. ఏనుగుకి చెయ్యేమిటని ఎడిటరు ఫోన్ చేసి మరీ అడిగింది.

ఇక రెండోసారి నుంచి జరిగిందంతా అమ్మాయిగారి చలవే. నాన్న రిటైరైన బస్సు డ్రైవరు, మధ్యాహ్నం అలా నాలుగు వీధులు తిరిగి రాకపోతే తోచదు ఆయనకి. ఆయన గడప దాటగానే ఈవిడ హీటరు కింద గిన్నె పెట్టి, ఆ చిన్న కుళాయి తిప్పేది. ముల్లు కిందికి జారేది. ఎర్రలైటు వెలిగేది. గిన్నెడు నీళ్లు సింకులో పారబోసి, గొంతు సవరించుకుని షాపుకి ఫోన్ చేసేది.

"మళ్లీ ఆగిపోయిందండీ. ఏమో మరి, నాకేం తెలుసు?"

అతను వచ్చేవాడు. ప్రతి జాయింటూ టిష్యూ కాగితంతో తుడిచి తడి తగులుతుందేమో చూసేవాడు. ఈవిడ ద్వారబంధానికి ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పేది. బయట వాన పడితే ఆ కబుర్లు ఇంకాస్త సాగేవి.

"మీ ఇంట్లో నీళ్లు ఎటు పోతున్నాయో ఆ దేవుడికే తెలియాలి," అన్నాడొకసారి తల గోక్కుంటూ.

"తాగేస్తోందేమో లెండి. ముసలిది కదా, దాహం."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఇంకోసారి కుళాయి తిప్పినా పాపం లేదనుకుంది.

నాన్నకీ అతనికీ మధ్య మాత్రం వచ్చినప్పుడల్లా అదే గొడవ.

"మార్చేయడం మంచిది అంకుల్. దీనికి వయసైపోయింది. ఒక పార్టు వేస్తే ఇంకోటి పోతుంది."

"నేను నడిపిన బస్సు దీనికంటే ముసలిది బాబూ. విప్పి, కట్టి, రిటైరయ్యేదాకా లాగాం."

"బస్సు ఆగితే దిగి నడుస్తారు. ఇది నడి చలికాలంలో ఆగితే ఎక్కడికి దిగుతారు?"

నాన్న ఆలోచనలో పడ్డాడు. అమ్మాయి మధ్యలో దూరింది.

"కొత్తది పెడితే సర్వీసుకి మీరే వస్తారా?"

"లేదండీ. కంపెనీవాళ్లే వచ్చి చూసుకుంటారు. మా షాపుకి ఇక పనుండదు."

"అయితే ఈ ఒక్కసారికీ రిపేరే చేయండి," అంది గబుక్కున. "పాతదాని మీద నాన్నకి ఎంత ప్రేమో మీకు తెలీదు."

నాన్న కళ్లజోడు పైనుంచి కూతుర్ని ఎగాదిగా చూశాడు.

ఆ తర్వాతి వారం అతను వచ్చినప్పుడు కబుర్లు లేవు. నవ్వూ లేదు. అన్నీ మళ్లీ తుడిచి చూసి, నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా వల్ల కాలేదు అంకుల్. బయట ఎక్కడా లీకు లేదు, అంటే లోపలే ఎక్కడో చిల్లు పడుండాలి. మార్చేయండి."

"నువ్వే వచ్చి పెడతావుగా?"

"వేరేవాళ్లొస్తారు. ఒకే ఇంటికి ఇన్నిసార్లు తిరిగి కూడా లీకు కనుక్కోలేకపోయానని మా ఓనరు నన్ను, ఇదొక్కటీ చూసొచ్చి ఇక గోడౌన్‌లో పెట్టెలు సర్దమన్నాడు." తల దించుకున్నాడు. "ఆయన్ననడానికేం లేదు. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

ఆ మాట విని అమ్మాయి మనసులో లెక్క వేసుకుంది. చెప్తే అతను మళ్లీ మొహం చూడడు. చెప్పకపోతే ఏ తప్పూ చేయని మనిషి పెట్టెల మధ్య కూర్చుంటాడు. కిటికీ దగ్గరికి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది.

"ఏమిటే ఆ తిరగడం?" అన్నాడు నాన్న.

"చిల్లేం లేదు నాన్నా. నీళ్లు నేనే వదిలేశాను. ప్రతిసారీ నేనే. ఈయన వస్తారని."

నాన్న కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

అతను ఆమె వంక చూడలేదు. గాజుగ్లాసు తీసుకుని, బాయిలరు అడుగు కుళాయి కింద పెట్టి తిప్పాడు. కాఫీ రంగు నీళ్లు వచ్చాయి, అడుగున నల్లటి మడ్డితో.

"మొదట్లో దీనికేం జబ్బు లేదండీ. మీరు వదిలినప్పుడల్లా నేను కొత్తనీళ్లు నింపాను. కొత్తనీళ్లతో గాలి వెళ్తుంది, గాలితో తుప్పు పడుతుంది. మనిద్దరం కలిసి దీన్ని చంపేశాం." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "లీకు ఎక్కడుందా అని నిద్రపట్టేది కాదు నాకు. మీరేమో అక్కడ నిలబడి నవ్వారు."

పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

అమ్మాయి ఏడవడానికి కూడా కూర్చోలేదు. గొడుగు మర్చిపోయి వానలోనే షాపుకి నడిచింది. పనివాళ్లంతా చూస్తుండగా ఓనరు ముందు నిలబడి, గిన్నె దగ్గర్నుంచి ఫోన్ దాకా ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు కాలిపోతున్నా ఆపలేదు.

"ఆయన పనిలో లోపం లేదండీ. లోపం నాది. గోడౌన్‌లోంచి పిలిపించండి."

ఓనరు కాసేపు గడ్డం నిమురుకుని, "ముందు ఆ తల తుడుచుకోమ్మా," అని టవలు ఇచ్చాడు. గోడౌన్ తలుపు దగ్గర అతను నిలబడి వింటున్నాడు. ఆమెకి అటు చూసే ధైర్యం లేక, టవలు మడతపెట్టి వచ్చేసింది.

కొత్త బాయిలరు బిగించడానికి అతనే వచ్చాడు. అవసరమైన మాటలే మాట్లాడాడు. "ఈ బటన్ నొక్కండి. దీన్ని మాత్రం ముట్టుకోకండి." వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, ఏదో అనబోయి, చెప్పులేసుకుని వెళ్లాడు.

కొత్తది చప్పుడే చేయదు. ఇల్లంతా వెచ్చగా ఉంది, ముల్లు ఇంచు కూడా కదలదు. అమ్మాయికి మాత్రం ఎక్కడా నిలవబుద్ధి కాలేదు. కుంచె పట్టుకుంటుంది, పెట్టేస్తుంది. ఫోన్ తీస్తుంది, తిరగేసి పెడుతుంది. హీటరు కుళాయి వైపు చూపు పోతే, నాన్న దగ్గుతాడు.

చివరికి వంటింట్లో నిలబడి, కళ్లు మూసుకుని అతని నంబరు నొక్కింది.

"చెప్పండి," అన్నాడు అతను. ఆపైన అలవాటుగా, "ఏమైంది, ఆగిపోయిందా?"

"లేదు. బాయిలరు బాగానే ఉంది. ప్రెషరు బాగుంది, నీళ్లు బాగున్నాయి." కళ్లు తెరిచింది. "నేనే బాగాలేను. మిమ్మల్ని చూడాలని ఉంది. అంతే. అబద్ధం ఆడకుండా పిలవడం ఎలాగో తెలియక ఇన్నాళ్లు పట్టింది."

అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"ఆరోజు గుమ్మం దగ్గర నేను అనబోయింది కూడా అదే," అన్నాడు మెల్లిగా. "టూల్స్ తేవాలా?"

"వద్దు."

"మరి ఎప్పుడు రమ్మంటారు?"

ఆమె జవాబిచ్చేలోపే వెనక నుంచి నాన్న చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఇప్పుడే బయల్దేరవయ్యా బాబూ. పొద్దుట్నుంచి ఇది ఇల్లంతా తిరుగుతోంది, చూడలేక నా తల తిరుగుతోంది. భోజనం ఇక్కడే."