బుడుంగు వంతు

మా ఈత మాస్టారికి ఒక పద్ధతి ఉంది. సాయంత్రం సాధన అయిపోయి, ఒంట్లో ఓపిక చుక్క కూడా మిగలనప్పుడు, మమ్మల్ని జంటలుగా చేసి ఒకరిచేత ఒకరిని లాగిస్తారు. మునిగిపోయేవాణ్ణి గట్టుకు చేర్చడం రానివాడికి పతకమెందుకురా అంటారు. వెనక ఉన్నవాళ్ళు ముందున్నవాళ్ళ కుడిభుజం పట్టుకుని, కాలు కదపకుండా శవంలా తేలాలి. ముందువాళ్ళు లాక్కుపోవాలి. అవతలి గోడ తాకాక, లాగినవాళ్ళు "వదులు" అనాలి. తిరుగుదారిలో వంతు మారుతుంది.

"ఆ మాట వినేదాకా చచ్చినా వదలకూడదు," అనేవారు మాస్టారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

నా జంట బుడుంగు. నీళ్ళలోకి దూకితే ఆ ఒక్క చప్పుడే వినిపించేది, తుంపర కూడా లేచేది కాదు. అందుకే ఆ పేరు. చూడ్డానికి పిడికెడు మనిషి, పట్టు మాత్రం ఉడుంపట్టు.

"నా భుజం ఊడి నీ చేతికొస్తుందే!"

"వస్తే ఇంటికి పట్టుకెళ్ళి దాచుకుంటాలే."

పెద్ద పోటీలకు వెళ్ళే జట్టులో ఒక్క చోటే ఖాళీ ఉంది. అది బుడుంగుదేనని కొలనులో కప్పలకు కూడా తెలుసు. నాకు కుళ్ళు లేదని చెబితే నా నోరే నవ్వుతుంది.

ఒకరోజు నేను తనను లాగుతూ కొలను మధ్యకు వచ్చేసరికి ఉరిమింది. మాస్టారు ఈల వేసి అందరినీ బయటికి తరిమారు. ఎక్కడివాళ్ళం అక్కడే గట్టెక్కాం. బుడుంగు తల తుడుచుకుంటూ, "నా వంతు ఉండిపోయిందే. రేపు లాగుతాలే," అని సైకిలెక్కింది. మా వీధి చివరి మలుపులో లారీ గుద్దింది. ఆ రేపు తనకు రాలేదు.

జట్టులో చోటు నాకొచ్చింది. దాని వెనకే భుజం నొప్పి కూడా వచ్చింది.

ఎముకల డాక్టరు ఫొటోలు తీయించి, "ఎముక బంగారంలా ఉంది," అన్నాడు. "మరి నా డబ్బులు బంగారం కాదా?" అని అమ్మ దారిపొడుగునా నన్నే సాధించింది. ఇంట్లో నొప్పి మామూలుగానే ఉండేది. నీళ్ళలో దిగితే మాత్రం పంటి బిగువున ఓర్చుకోవాల్సి వచ్చేది. నా వేగం రోజురోజుకీ పడిపోయింది.

"ఏమిటే ఆ ఈత? వెనకాల ఎవర్నైనా ఎక్కించుకున్నావా?" అని మాస్టారు అందరిముందూ అరిచారు. అందరూ నవ్వారు. ఆదివారం ఆఖరి పరీక్ష. అందులో వెనకబడితే చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు.

ఫిజియోథెరపీ ఆవిడ మంచిది. నూనె రాసి నొక్కుతూ నొక్కుతూ చెయ్యి ఆపేసింది.

"ముందు నాలుగు చోట్ల, వెనక ఒక్కచోట నొక్కుకుపోయింది... నిన్నెవరైనా ఇక్కడ పట్టుకుంటున్నారా తల్లీ?"

"లేదండీ."

ఆవిడ చేతులు తుడుచుకుంది. మళ్ళీ ముట్టుకోలేదు.

బుడుంగు ఈత కళ్ళద్దాలు నా సంచిలో ఉండిపోయాయి. వాటిని తిరిగిచ్చే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఏడవలేదు. కుర్చీ చూపించింది, మంచినీళ్ళిచ్చింది, నా వెనక్కి వచ్చి నిలబడింది.

"దాని ఒళ్ళు నేనే తుడిచాను. కుడిచేతి వేళ్ళు విచ్చుకోలేదమ్మా. ఎంత లాగినా సరే... ఇలాగే ఉండిపోయాయి."

ఇలాగే అంటూ వేళ్ళు వంచి నా భుజం మీద పెట్టింది. ఒక్కొక్క వేలూ సరిగ్గా ఒక్కొక్క నొప్పి మీద ఆనింది.

"నువ్వు బాగున్నావు కదా? చోటు నీకే వచ్చిందటగా," అంది మెల్లగా.

నేను పరుగులాంటి నడకతో బయటపడ్డాను. అప్పుడు తట్టింది. ఆ రోజు గోడ దాకా వెళ్ళలేదు. "వదులు" అని నేను అననే లేదు.

శనివారం సాధన ముగిసి అందరూ వెళ్ళిపోయేదాకా బట్టలు మార్చుకునే గదిలో ఆగాను. మాస్టారు ఒక్కరే ఆఫీసు గదిలో ఫోను మాట్లాడుతున్నారు. పొద్దు వాలింది. నీళ్ళు సిరాలా ఉన్నాయి. నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. చప్పుడు కాకుండా దిగి, కొలను మధ్యదాకా వెళ్ళి ఆగాను.

బరువు వచ్చింది.

భుజం పిండుతోంది... లాగాను. ఊపిరాడలేదు... లాగాను. చివరికి గోడ తగిలింది.

"వదులు," అన్నాను గుసగుసగా.

చిటికెన వేలు లేచింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్కటీ... అన్నిటికన్నా చివర బొటనవేలు.

నొప్పి పోయింది! చెయ్యి గిరగిరా తిప్పి చూశాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "చోటు ఇక నాదే," అన్నాను పైకే. ఎవరూ లేరనుకుని.

నా వెనక... బుడుంగ్.

తుంపర లేవలేదు. నీళ్ళు నన్ను ఒరుసుకుంటూ ముందుకొచ్చి ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది... తిరుగుదారి. వంతు.

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. వేళ్ళు ముడుచుకున్నాయి. వాటి కింద చిన్న భుజం... చల్లగా... తడిగా. విడిపించుకోవాలని చూశాను. విచ్చుకోలేదు. కాళ్ళు కదలలేదు. లోతువైపు సాగిపోతున్నాను...

దీపాలు వెలిగాయి. మాస్టారు దూకి నా జుట్టు పట్టి ఈడ్చారు. గట్టుమీద నా గుప్పిట విప్పబోయి ఆగిపోయారు. "వదిలెయ్యవే," అన్నారు. లాగేది ఆయన కాదుగా, ఆయన చెబితే సరిపోతుందా?

వేళ్ళు ఇంకా విచ్చుకోలేదు. ఎముక బంగారంలా ఉందని డాక్టరు మళ్ళీ చెప్పాడు. చోటు ఇంకెవరికో పోయింది. పోతే పోనీ, ఇప్పుడు దాని ఊసెవరికి కావాలి?

రోజూ రాత్రి మంచం మీదే పడుకుంటాను. మొదటి ఉదయం గదిలో నేలమీద లేచాను. ఆ తర్వాత వసారాలో. అమ్మ తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని పడుకుంది. అయినా ఈ ఉదయం వీధిలో లేచాను, చెయ్యి ముందుకు చాచి, బోర్లా. ఒళ్ళంతా తడి. కొలను మందు వాసన.

అమ్మ నన్ను లేవదీస్తుంటే తలెత్తి చూశాను. వీధి చివరి మలుపు ఇంకెంతో దూరం లేదు.