బామ్మకి కొత్త కళ్లు

ఫోను మోగేసరికి ఇంటిల్లిపాదీ చిల్లుల గరిటె కోసం వెతుకుతున్నారు.

మామగారు సోఫా కింద టార్చి వేసి, చెంప నేలకి ఆనించి మరీ చూస్తున్నారు. అత్తగారు ఫ్రిజ్ తలుపు తీసి, గరిటె అక్కడెందుకుంటుందని తనని తనే తిట్టుకుని మూసేశారు. కొత్త కోడలు మాత్రం హాల్లో మధ్యన నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. ఎందుకంటే ఆ గరిటె ఎక్కడుందో ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో గరిటె పోవడం చిన్న సంగతి కాదు. వంటింటి గోడకి నీలం రంగు వేసిన పెద్ద చెక్క ఒకటుంది. ప్రతి గరిటెకీ, కత్తికీ, పట్టకారుకీ దాని మీద దాని ఆకారమే తెల్ల రంగుతో గీసి ఉంటుంది. ఏది లేకపోయినా ఆ తెల్లటి బొమ్మ ఊడిన పన్నులా వెక్కిరిస్తుంది. మామగారు యుద్ధ విమానాలు నిలిపి బాగుచేసే పెద్ద షెడ్డులో, అంటే హ్యాంగర్‌లో, ఫోర్‌మన్. అక్కడి పనిముట్ల బోర్డు కూడా ఇలాగే ఉంటుంది. ఒక్క పనిముట్టు తగ్గినా విమానం కదలదు, షిఫ్టు వాళ్లు ఇంటికి పోరు. మర్చిపోయిన స్క్రూడ్రైవర్ ఇంజనులోకి పోతే అంతే సంగతులు మరి. ఇంట్లోనూ అదే చట్టం. గరిటె దొరికేదాకా పొయ్యి వెలగదు.

పెళ్లయి వచ్చిన కొత్తలో, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటెకి మామగారు స్వయంగా కుంచె పట్టి ఆ చెక్క మీద బొమ్మ గీశారు. "ఇంక నువ్వు లేకపోతే ఈ ఇంట్లో తెలిసిపోతుందమ్మాయ్" అన్నారు. అప్పగింతలప్పుడు కళ్లు తడవని పిల్ల ఆ వేళ తడి రంగు ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మామగారు మోకాళ్ల మీదే ఉండి ఫోను ఎత్తారు.

"ఆఁ, చెప్పు... ఏంటీ, మంజూరైందా? నోటిమాటా, కాగితం వచ్చిందా? వచ్చిందీ!"

ఆయన లేచి నిలబడ్డ తీరు చూస్తే మోకాళ్ల నొప్పులున్న మనిషని ఎవరూ అనరు.

"ఏమేవ్! బామ్మకి కొత్త కళ్లొస్తున్నాయి!"

బామ్మంటే మనిషి కాదు. ఆయన పాతికేళ్లుగా చూసుకుంటున్న రష్యా యుద్ధ విమానం. స్క్వాడ్రన్ మొత్తంలో వయసులో అదే పెద్దది కాబట్టి పైలట్లు పెట్టిన పేరు. ఈ పాత విమానాలని మూలన పడేస్తారా, మార్చి ఇంకొన్నాళ్లు ఎగరేస్తారా అని చాలాకాలంగా నానుతోంది. మార్చడానికే డబ్బు మంజూరైందని ఇప్పుడు కబురు. కొత్త రాడారు వస్తుంది. ముళ్లు తిరిగే మీటర్ల బదులు రంగుల తెరలొస్తాయి. కొత్త రకం విమానాలు కొనేదాకా ఇవే ఆకాశం కాస్తాయి.

"పోనీలెండి, మీ ముద్దుల బామ్మకి, అదే నా సవతికి, కళ్లజోడు మారుతోంది. నా కళ్లజోడు సంగతి ఎప్పుడు మంజూరవుతుందో!" అన్నారు అత్తగారు.

కోడలు చెయ్యెత్తింది, బళ్లోలాగా.

"మామయ్యా, గరిటె మా మంచం వెనకుంది. రాత్రి నా చెవి కమ్మ అటు పడిపోతే దాంతో లాగాను. అక్కడే వదిలేశాను."

"చెప్పావు కదా, సంతోషం. వెళ్లి తెచ్చెయ్" అన్నారాయన, ఒక్క మాట విసుక్కోకుండా. అది కూడా హ్యాంగర్ చట్టమే. పోగొట్టినవాడు పైకి చెబితే తిట్లుండవు. దాచిపెడితేనే తిట్లు.

ఆమె పరుగెత్తుకుంటూ గదిలోకి వెళ్లేసరికి భర్త మంచం అంచున కూర్చుని, ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని గోడని చూస్తున్నాడు. అతను మామగారు పనిచేసే వైమానిక స్థావరంలోనే ఇంజనీరు. విమానాల్ని ఆధునికం చేసే బృందం అతనిదే. తండ్రీకొడుకులు ఒకే గేటులోంచి లోపలికి పోతారు. గేటు దాటాక తండ్రి కొడుకుని "సార్" అంటాడు. గేటు బయట "ఒరేయ్" అంటాడు. కోడలికి ఈ ముచ్చట ఎంత నచ్చిందంటే తన స్నేహితులందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది.

"నీ ప్రాజెక్టే కదా పాసైంది! ఆ మొహమేంటి, సాక్సు చచ్చిపోయినట్టు?" అంది. పెద్దవాళ్ల ముందు మీరు, గదిలో నువ్వు. అదొక సరదా.

"తలుపు వెయ్యి" అన్నాడతను. ఆమె వేసింది.

"బామ్మ ఆ వరసలో లేదు."

"అంటే?"

"మిగతావాటికే కొత్త రాడార్లు. బామ్మని విప్పేస్తారు. దాని పంపులు, చక్రాల కాళ్లు, సీటు, పనికొచ్చేవన్నీ తీసి మిగతావాటికి బిగిస్తారు. అవి తయారుచేసే రష్యా ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. బయటెక్కడా దొరకవు."

"ఇంత దారుణం రాసిన మహానుభావుడెవరు?"

"నేనే."

ఆమె చిల్లుల గరిటె గుండెకి హత్తుకుని అలాగే కూర్చుండిపోయింది. పెళ్లయిన కొత్తలో కుటుంబాలవాళ్లని రానిచ్చే ఆదివారం మామగారు ఆమెని హ్యాంగర్‌కి తీసుకెళ్లారు. బామ్మ రెక్క మీది రష్యా అక్షరాలు కూడబలుక్కుని చదివి, "ఇక్కడ కాలు పెట్టకు అని రాసుంది, చూశావా, ఎంత మర్యాద తెలిసినదో" అన్నారు. కొడుకు పెళ్లిఫొటోలు చూపించినప్పటి మెరుపే ఆ కళ్లలో.

"రెక్క మొదట్లో పగులుంది. అతుకు వేస్తే ఆగేది కాదు. ఇంకో సంగతి కూడా..." అని అతను ఆగిపోయాడు. "నాన్నతో అనకు. సోమవారం జాబితా గోడకి అంటిస్తారు. ఆయనే చూస్తారు."

"అంటే నువ్వు చెప్పవు, గోడ చెబుతుందన్నమాట."

అతను రెండో సాక్సు వేసుకున్నాడు. తిరగేసి వేసుకున్నాడు. ఆమె చూసింది, కానీ చెప్పలేదు. పెళ్లయ్యాక ఆమె మౌనంగా ఊరుకున్న మొదటి సందర్భం అదే.

సాయంత్రం మామగారు పెద్ద కేకు డబ్బాతో వచ్చారు. చెప్పులు విప్పకుండానే మూత తీసి చూపించారు. కేకు మీద బూడిద రంగు క్రీముతో బామ్మ.

"ఇది విమానమా, చేపా?" అన్నారు అత్తగారు.

"బేకరీ వాడికి రెక్కలు సరిగ్గా రాలేదు. బామ్మ ముక్కు మాత్రం బాగా కుదిరింది." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఇవాళ బామ్మకి ఒళ్లు తుడిచి వచ్చాను. వరసలో మొదట దాన్నే పెట్టమని అందరితోనూ అనేశాను. ఇంకో మాట కూడా వినండి. వచ్చే నెల రిటైరవుతానని ఇచ్చిన కాగితం వెనక్కి తీసేసుకున్నా! ఆ తెరల సంగతేంటో నేర్చుకుని, బామ్మని నిలబెట్టి, అప్పుడు దిగుతా. సోమవారం నుంచి క్లాసు. పాఠం చెప్పేదెవరనుకున్నారు? మన సారే!"

కొడుకు నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే వెళ్లింది.

"అమ్మాయ్, కత్తి తేమ్మా" అన్నారు మామగారు.

ఆమె వంటింట్లోకి వెళ్లి నీలం చెక్క ముందు నిలబడింది. అన్నీ ఉన్నాయి. చిల్లుల గరిటె బుద్ధిగా తన బొమ్మ మీద వేలాడుతోంది. తప్పు ఒప్పేసుకున్న పొద్దుటి తేలికదనం గుర్తొచ్చింది. అవతల హాల్లోంచి మామగారి నవ్వు వినబడుతోంది. సోమవారం ఆ నవ్వుతోనే ఆయన గోడ దగ్గరికి నడిచి వెళతారు, నలుగురిలో, కళ్లజోడు సర్దుకుంటూ. ఆమె కత్తి తియ్యకుండానే వెనక్కి వచ్చింది.

"ఏం, కత్తి కనబడలేదా?" మామగారు అప్పుడే సగం లేచారు, వెతకడానికి.

"కత్తి ఉంది మామయ్యా. ఇంకోటి కనబడ్డం లేదు. అదెక్కడుందో మీ అబ్బాయికి తెలుసు."

భర్త ఆమె వంక చూసిన చూపులో కోపముంది, దాని వెనకే కాస్త ఊరట కూడా ఉంది. తలొంచుకుని అంతా చెప్పేశాడు. జాబితా, పగులు, విప్పడం.

మామగారు చివరిదాకా విన్నారు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"కొన్నాళ్లయింది."

"పొద్దున నేను గంతులేసినప్పుడు?"

"తెలుసు నాన్నా."

"గరిటె పోతే పొయ్యి వెలిగించని ఇల్లు ఇది. విమానం పోతే కేకు కోయమంటావా?" ఆయన లేచి నిటారుగా నిలబడ్డారు. "అలాగే సార్. సోమవారం ఆ రిటైర్మెంటు కాగితం మళ్లీ ఇచ్చేస్తాను సార్. ఇంక సెలవు సార్."

గేటు బయట ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. కోడలికి తను నోరు విప్పినందుకేనా ఇదంతా అనిపించింది.

"ఇంట్లో ఆ సార్ ఏంటండీ? వాడు మీ కొడుకు!" అన్నారు అత్తగారు.

"కొడుకైతే చెప్పేవాడు. ఆఫీసరు కాబట్టి గోడకి అంటిస్తున్నాడు."

"ఏమని చెప్పమంటావు?" కొడుకు గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఆ పగులు కనిపెట్టిందెవరు నాన్నా? పోయిన వానల్లో రెక్క కింద వెల్లకిలా పడుకుని ఎర్ర సుద్దతో సున్నా చుట్టిందెవరు? 'ఇటొకసారి చూడండి సార్' అని నన్ను పిలిచిందెవరు? బాగుచేస్తారని నువ్వు చూపించావు. అది బాగయ్యేది కాదు. నువ్వు చూపించినందుకే బామ్మ పోతోందని నా నోటితో నేనెలా చెప్పను?"

మామగారు మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. కుడిచేతి వేళ్లని చూసుకున్నారు, సుద్ద ఇంకా అంటుకుని ఉందేమో అన్నట్టు. కేకు మీది క్రీము విమానం ఒక పక్కకి జారుతోంది. అది సర్దడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

తల ఎత్తకుండానే అడిగారు. "ఆ పగులుతోనే ఎగరనిచ్చి ఉంటే?"

"ఏదో ఒకరోజు రెక్క విరిగేది."

"ఆ పైలట్ అమ్మాయి ఉంది చూడు, ఎక్కే ముందు ముక్కు మీద తట్టి 'పోదామా బామ్మా' అంటుంది. ఆ పిల్ల?"

కొడుకు తల అడ్డంగా తిప్పాడు.

"అయితే నేను పైకి చెప్పడం మంచి పనా, చెడ్డ పనా?"

"మంచి పనే నాన్నా."

"మరి నువ్వు నాకు చెప్పడం చెడ్డ పనెలా అవుతుందిరా?"

ఆ చివరి 'రా' వినగానే కోడలికి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తిరగేసిన సాక్సు కాళ్లతో కొడుకు వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. మామగారు అతని తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయడం మర్చిపోయారు. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, "సవతి సవతి అంటూ ఆడిపోసుకున్నాను గానీ, ఇన్నేళ్లూ మిమ్మల్ని ఏ దెబ్బా తగలకుండా ఇంటికి పంపించింది, పాపం" అన్నారు.

"విప్పేదెవరు?" అన్నారు మామగారు కాసేపటికి.

"ఇంకా అనుకోలేదు. ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు ఎందుకు? నేను విప్పుతా. ఏ పంపు ఏ విమానంలోకి వెళుతోందో నాకు తెలియాలి. నా బామ్మ కాళ్లు ఎవరికి పెడుతున్నారో చూసుకోవద్దా? ఆ తర్వాత క్లాసుకి వస్తా. ముందు బెంచీ నాది."

కోడలు మళ్లీ చెయ్యెత్తింది.

"మామయ్యా, విప్పే ముందు బామ్మకి బొమ్మ గీయరా?"

"బొమ్మా?"

"అదే, మన గరిటెలకి గీసినట్టు. హ్యాంగర్‌లో, బామ్మ నిలబడ్డ చోట నేల మీద. ముక్కు, రెక్కలు, తోక, చుట్టూ తెల్ల రంగుతో. బామ్మ వెళ్లిపోయినా, అక్కడ ఉండేదని తెలుస్తుంది కదా."

మామగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు తుడిచినా కళ్లు తడే.

"హ్యాంగర్ నేల మీద రంగు వెయ్యాలంటే అనుమతి కావాలే" అన్నారు.

"ఎవరి అనుమతి?" అన్నారు అత్తగారు.

"అదిగో, నేల మీద కూర్చున్నాడు చూడు, మన సారు. ఏరా, ఇస్తావా?"

"ఇచ్చాను నాన్నా" అన్నాడు కొడుకు, నవ్వుతూ, ఏడుస్తూ. "రేపు ఆదివారమే. కుటుంబాలవాళ్లని రానిస్తారు కూడా."

"అయితే వినండి." మామగారి గొంతులోకి ఫోర్‌మన్ తిరిగొచ్చాడు. "రేపు పొద్దున టీ తాగి నలుగురం బయల్దేరతాం. మీ అత్త ఫ్లాస్కు పట్టుకుంటుంది. వీడు సుద్దతో గీత గీస్తాడు, ముక్కు దగ్గర్నుంచి మొదలెట్టి. రంగు డబ్బా నేను మోస్తా. కుంచె మాత్రం నీదే అమ్మాయ్. ముందు బొమ్మ పూర్తవ్వాలి. రంగు ఆరాలి. ఆ తర్వాతే మొదటి బోల్టు."